పరామర్శలు ముగిసిన తరువాత

దగ్గరి మనిషి పోయిన ఇంట్లో మొదటి కొద్ది రోజులు జనానికి కొదవ ఉండదు. పనులు ఎవరో ఒకరు చూసుకుంటారు, ఫోన్లు మరొకరు ఎత్తుతారు, ధైర్యం చెప్పేవారు వస్తూనే ఉంటారు. అసలు కష్టం మొదలయ్యేది ఆ తరువాతే. వచ్చినవారంతా తమ తమ పనుల్లో పడిపోయాక, మొదటి దిగ్భ్రమ తగ్గి, ఆ మనిషి ఇక లేరన్న సంగతి రోజువారీ విషయాల్లో ఒక్కొక్కటిగా తెలిసివచ్చే కాలంలో, పలకరించేవారు దాదాపు ఎవరూ ఉండరు. నాన్నగారు పోయిన తరువాత అమ్మను చూస్తూ నేను గ్రహించినది ఇదే.

దుఃఖం అనగానే చాలామంది ఐదు దశల గురించి చెబుతారు: నిరాకరణ, కోపం, బేరమాడటం, కుంగుబాటు, అంగీకారం. మనోవైద్యురాలు ఎలిజబెత్ కూబ్లర్-రాస్ 1969లో వీటిని వివరించినది మరణానికి చేరువైన రోగులతో మాట్లాడిన అనుభవం నుంచి. ఆప్తులను పోగొట్టుకున్నవారికి వాటిని అన్వయించడం తరువాత జరిగింది. ఆ దశలన్నీ అందరికీ రావాలని గానీ, అదే వరుసలో రావాలని గానీ లేదు. అయినా ఆ జాబితా ఎంతగా స్థిరపడిపోయిందంటే, కోపం రానివారు తమలో ఏదో లోపం ఉందేమోనని భయపడతారు, చూసేవారేమో పరీక్షకుల్లా పక్కన నిలబడి ఎదుటివారు ఏ మెట్టు మీద ఉన్నారో లెక్క కడతారు.

నేను చూసినదానికి దగ్గరగా అనిపించినది మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షూట్ అనే పరిశోధకులు 1999లో ప్రచురించిన ఆలోచన. వారి ప్రకారం మనిషి రెండు వైపుల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడు: ఒకవైపు పోయినవారిని తలచుకుని కుమిలిపోవడం, మరొకవైపు వారు లేకపోవడం వల్ల మీదపడిన కొత్త పనులను, కొత్త బాధ్యతలను నేర్చుకోవడం. ఈ తిరుగుడులో దేనికీ దొరకకుండా కాసేపు విశ్రాంతి తీసుకోవడం కూడా ఉంటుంది. అమ్మ పొద్దున నాన్నగారి కళ్ళజోడు పట్టుకుని ఏడ్చేది, మధ్యాహ్నం అంతవరకు ఎన్నడూ ముట్టని బ్యాంకు కాగితాలతో కుస్తీ పట్టేది, సాయంత్రం ఎవరో ఏదో అంటే పకపకా నవ్వేది. ఆ నవ్వు చూసి ఒక బంధువు ముఖం చిట్లించారు. ఆమె ఏడ్చినప్పుడు ‘ఇంకా ఎన్నాళ్ళమ్మా’ అన్నదీ ఆయనే. ఏడవడానికీ నవ్వడానికీ కూడా ఇతరుల అనుమతి కావలసిరావడం ఎంత అన్యాయమో అప్పుడు తెలిసింది.

పోయినవారి పేరు ఎత్తితే గాయం రేగుతుందని మనం జంకుతాం. దుఃఖంలో ఉన్నవారు మరచిపోతే కదా, మనం గుర్తుచేయడానికి! మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1917లో ప్రచురించిన వ్యాసంలో, పోయినవారి నుంచి మనసును క్రమంగా విడదీసుకోవడమే దుఃఖం చేసే పని అన్నారు. 1920లో ఆయన కుమార్తె సోఫీ చనిపోయింది. తొమ్మిదేళ్ళ తరువాత, కొడుకును పోగొట్టుకున్న మిత్రుడు బిన్స్‌వాంగర్‌కు రాసిన ఉత్తరంలో, ఆ లోటును పూడ్చగలిగినది ఏదీ దొరకదని, అలా ఉండటమే సబబని ఆయనే ఒప్పుకున్నారు. పోయినవారితో బంధం రూపు మార్చుకుని కొనసాగడం సహజమేనని 1990ల నుంచి పరిశోధకులు గట్టిగా చెబుతున్నారు. అందువల్ల ‘మీ నాన్నగారు నాకు సైకిల్ నేర్పారు’ వంటి ఒక చిన్న జ్ఞాపకం, ‘ఆయుష్షు అంతే’, ‘నువ్వే ధైర్యంగా ఉండాలి’ వంటి మాటలకంటే ఎంతో మేలు చేస్తుంది. ‘పోనీలే, బాధపడకుండా వెళ్ళిపోయారు’ అనే మాట దుఃఖంలో ఉన్నవారి నోటి నుంచే వస్తే వినవచ్చు గానీ మనం అనకూడదు.

‘ఏదైనా కావాలంటే చెప్పు’ అనేవారు మంచి మనసుతోనే అంటారు. అయితే ఏం కావాలో ఆలోచించి, ఎవరిని అడగాలో తేల్చుకుని, మొహమాటం చంపుకుని అడగవలసిన భారం మళ్ళీ ఆ దుఃఖంలో ఉన్నవారి మీదనే పడుతుంది. దానికి బదులు ‘గురువారం పిల్లలను బడి నుంచి నేను తీసుకువస్తాను’ అంటే వారు సరేననో వద్దనో చెబితే చాలు. కాగితాల పని మరీ నలిపేస్తుంది. మరణ ధ్రువీకరణ పత్రం ప్రతులు, బీమా, పింఛను, పోయినవారి ఫోనుకే వచ్చే పాస్‌వర్డులు, ఇవన్నీ చక్కబెట్టడానికి ప్రతి కార్యాలయంలోనూ, ప్రతి కొత్త మనిషికీ, ‘ఆయన చనిపోయారు’ అనే వాక్యాన్ని మొదటి నుంచి చెప్పుకోవాలి. ఆ వరుసలో పక్కన నిలబడి, ఆ వాక్యాన్ని వారి బదులు పలికే మనిషి దొరికితే ఎంత ఊరటో అనుభవించినవారికే తెలుస్తుంది. ఇక సందేశం పంపేటప్పుడు ‘జవాబు ఇవ్వనవసరం లేదు’ అని చేర్చడం మరచిపోకూడదు.

పిల్లల దగ్గర ‘నిద్రపోయారు’, ‘దూరం వెళ్ళారు’ అని చెప్పకపోవడం మంచిది. మొదటి మాట విన్న పిల్లలు నిద్రకే భయపడవచ్చు, రెండవది విన్నవారు ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు. చనిపోయారనే చెప్పి, వారు అదే ప్రశ్నను మళ్ళీ మళ్ళీ అడిగినా ఓపికగా అదే జవాబు ఇవ్వాలి.

కాలం గడిచేకొద్దీ చాలామందిలో దుఃఖపు తీవ్రత తగ్గుతుంది, వైద్యం లేకుండానే. కొందరిలో అలా జరగదు. అమెరికా మనోవైద్యుల సంఘం 2022లో దీర్ఘకాలిక దుఃఖ రుగ్మతను తన వ్యాధుల వర్గీకరణలో చేర్చి, పెద్దలలో కనీసం 12 నెలలు, పిల్లలలో 6 నెలలు గడిచిన తరువాతనే దానిని నిర్ధారించాలని పేర్కొంది. గడువు ఒక్కటే కొలమానం కాదు, దాదాపు ప్రతిరోజూ తీవ్రమైన తపన లేదా పోయినవారి ఆలోచనలే మనసును ఆక్రమించుకోవడం, జీవితానికి అర్థమే లేదనిపించడం, ఏ పనీ సాగకపోవడం వంటివి చూస్తారు. చనిపోవాలని ఉందన్న మాట వినిపిస్తే ఏ గడువు కోసమూ ఆగకూడదు, నేరుగా అడగాలి, ఒంటరిగా వదలకూడదు, ఆ రోజే సహాయం అందేలా చూడాలి. మిగతా సందర్భాల్లో కూడా ‘డాక్టరును కలువు’ అని సలహా ఇచ్చి ఊరుకునేకంటే, మనమే సమయం అడిగి పెట్టి, వెంట వెళ్ళి, వారు బయటకు వచ్చేదాకా కూర్చోవడం మేలు.