వేక్ దీవి, విల్క్స్ ఒడ్డున ఒక ఫిరంగి: నాలుగు వారాల పని

మొదటి వారం

ఈసారి బొమ్మల నమూనాగా బల్ల మీదికి వేక్ దీవిని తెచ్చాను. హొనొలులుకు పడమరన దాదాపు 3,700 కిలోమీటర్ల దూరంలో, వేక్, విల్క్స్, పీల్ అని మూడు ముక్కలుగా ఉన్న పగడపు దీవి అది. ఎక్కడా చెప్పుకోదగ్గ ఎత్తు లేదు. 1941 డిసెంబరులో జపాన్ దాడి నుంచి దాన్ని కాపాడడానికి ఉన్న అమెరికా మెరైన్లు ఐదు వందల లోపే. నిర్మాణ కార్మికులు మాత్రం 1,100 పైన. నేను ఎంచుకున్న ఘట్టం డిసెంబరు 11 ఉదయం, విల్క్స్ మీది ‘ఎల్’ బ్యాటరీ, అంటే ఫిరంగుల దళం.

సముద్రంలో ఒక నౌకను కూడా చూపించాలని ముచ్చటపడ్డాను. లెక్క వేస్తే ఆ ముచ్చట వదులుకోవలసి వచ్చింది. జపాన్ నౌకలు బాగా దగ్గరికి వచ్చేదాకా ఒక్క గుండూ పేల్చవద్దని అక్కడి మెరైన్ల అధికారి మేజర్ డెవరూ తన వారిని ఆపాడు. చివరికి కాల్పులు మొదలైనప్పుడు దూరం సుమారు నాలుగు కిలోమీటర్లు. 1/72 కొలతలో అది 55 మీటర్లు! అంటే ఫిరంగి నా బల్ల మీద ఉంటే, ఈ బ్యాటరీ ముంచేసిన జపాన్ యుద్ధనౌక హయాటే డిస్ట్రాయర్ మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పక్కన ఉండాలి. కాబట్టి నౌక లేదు. ఫిరంగి, మనుషులు, ఎదురుగా ఖాళీ నీళ్లు.

దీవిలోని ఐదు అంగుళాల ఫిరంగులు మొత్తం ఆరు. పాత యుద్ధనౌకల కోసం చేసిన రకం. గొట్టం పొడవు లోపలి వ్యాసానికి 51 రెట్లు, దాదాపు 6.5 మీటర్లు; నా కొలతలో 90 మిల్లీమీటర్లు. అయిపోయిన పెన్ను రీఫిల్లు సరిగ్గా సరిపోయింది. వెనక భాగం లావుగా రావాలంటే కాగితపు పట్టీ ఒక అంచును వాలుగా కత్తిరించి, ఫెవికాల్ రాసి చుట్టాలి. ఆరాక చుట్ల మెట్లు పోయేలా సన్నని గరుకు కాగితంతో పొడిగానే రుద్దాలి. రీఫిల్లులో మిగిలిన సిరాను ముందే స్పిరిట్‌తో కడిగేయండి. నేను కడగలేదు. రెండు రోజులకు బూడిద రంగు మీదికి నీలం తేలింది. మొత్తం గీకి మళ్లీ వేశాను.

రెండో వారం

పగడపు ఇసుక తెల్లగా ఉంటుంది, మన బీచి ఇసుక వేస్తే పసుపుగా, గింజలు బండరాళ్లలా కనిపిస్తాయి. అందుకని థర్మోకోల్ పలక మీద పలుచటి ఫెవికాల్ పూసి ముగ్గు చల్లాను. ఇంట్లో డబ్బాలో ఉన్నది బియ్యప్పిండి ముగ్గట. తెల్లారేసరికి విల్క్స్‌ను చీమలు పట్టుకున్నాయి. అంతా గీకేసి రాతి ముగ్గు కొనుక్కొచ్చి మళ్లీ చల్లాను.

ఇసుక బస్తాలకు ఎం-సీల్. ఏడు మిల్లీమీటర్ల ముక్కలు చేసి, గట్టిపడకముందే గాయాలకు కట్టే పలుచటి గుడ్డతో ఒత్తితే గోనె నేత వస్తుంది. ఒక్కసారి ఇరవై బస్తాలకు మించి కలపకండి, చేతిలోనే రాయి అవుతుంది.

మూడో వారం

కొబ్బరి పీచుతో చక్కని పొదలు చేసి ఫిరంగి చుట్టూ దట్టంగా అతికించాను. ఫొటో తీసుకున్నాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది: డిసెంబరు 10న బాంబు పడి విల్క్స్‌లో నిర్మాణ పనికి ఉంచిన 125 టన్నుల డైనమైట్ పేలింది. ఆ ఊపుకు ఫిరంగుల మీది ఆకుల మరుగు ఊడిపోయింది, దూరం కొలిచే పరికరాలూ పాడయ్యాయి. మర్నాడు ఉదయం వాళ్లు దూరాన్ని అంచనాగా కట్టి కాల్చారు. నా పొదలు ఒక రోజు ఆలస్యంగా వచ్చాయన్నమాట. సగం పీకేసి, మిగిలినవి నేలవాలుగా వంచి, చివర్లు అగరువత్తితో మాడ్చాను. నిజం చెప్పాలంటే ఇప్పుడే బాగుంది.

ఒడ్డున నురుగు కోసం దూదిని పోగులుగా లాగి ఫెవికాల్‌లో ముంచి అతికించాను. ఈ గీత మీద కాస్త ఎక్కువ సమయం పెట్టాను. దీవిలో రాడార్ లేదు. అలల హోరులో బాంబర్ల చప్పుడు దగ్గరికి వచ్చేదాకా వినిపించేది కాదు. డిసెంబరు 8న దీవిలోని పన్నెండు వైల్డ్‌క్యాట్ యుద్ధ విమానాల్లో ఏడు నేల మీదే కాలిపోవడానికి అదీ ఒక కారణం.

వైల్డ్‌క్యాట్ కిట్ కూడా కొన్నాను గాని, పెట్టె విప్పితే రెక్కలు మడిచే ఎఫ్4ఎఫ్-4 రకం. వేక్‌లో ఉన్నవి ఎఫ్4ఎఫ్-3, వాటి రెక్కలు మడవవు. పక్కన పెట్టాను. కిసరాగి అనే జపాన్ డిస్ట్రాయర్‌ను ముంచిన కెప్టెన్ ఎల్‌రాడ్ విమానానికి సరైన కిట్ దొరికాక విడిగా ఒక పలక చేస్తాను.

నాలుగో వారం

బొమ్మలు. అంగడిలో దొరికే మెరైన్లందరికీ గుండ్రటి కుండలాంటి హెల్మెట్లు. వేక్ నాటికి వాళ్లు పెట్టుకున్నవి మొదటి ప్రపంచ యుద్ధం నాటి, బోర్లించిన పళ్లెంలాంటివి. అలాంటి హెల్మెట్లే ఉన్న బ్రిటిష్ ఎనిమిదో సైన్యం బొమ్మల తలలు కోసి ఈ మొండేలకు అతికించాను. మెడలో సన్నని గుండుసూది ముక్క గుచ్చితే తల నిలుస్తుంది.

గుండ్లు మోస్తున్న ముగ్గురికి హెల్మెట్లే పెట్టలేదు. వాళ్లు కార్మికులు, మెరైన్లతో కలిసి పని చేసినవారు చాలామందే ఉన్నారు. డిసెంబరు 23న దీవి లొంగిపోయాక జపాన్ వారు అక్కడే ఉంచుకున్న 98 మందిని 1943 అక్టోబరు 7న కాల్చి చంపారు. ఈ ముగ్గురి చొక్కాలకు మూడు వేర్వేరు రంగులు వేశాను, మెరైన్ల ఖాకీలో కలిసిపోకూడదని.

మెరుపు లేని వార్నిష్ ఇంకా వేయలేదు. గాలిలో చెమ్మ ఉన్నప్పుడు వేస్తే తెల్లటి పొర కడుతుంది, ఇక్కడేమో మూడు రోజులుగా ముసురు. దీవిని బీరువా పైన పెట్టాను, పీఠం చుట్టూ చీమల మందు గీత గీసి.