ఇంట్లో వినడానికి శాటిలైట్ రేడియో పెట్టించుకోవాలా? – నా అనుభవం

మా బాపు కాజీపేట రైల్వేలో చేసి రిటైరయ్యాడు. రోజంతా పాట వినబడాలి ఆయనకు, అందులోనూ కర్ణాటక సంగీతం. హనుమకొండలో మా ఫ్లాట్‌లో ఆకాశవాణి వరంగల్ ఎఫ్‌ఎం 103.5 కిటికీ పక్కన బాగానే పలుకుతుంది, లోపలి గదిలో గరగర. పైగా అన్ని గంటలూ కచేరీలు రావు కదా.

అమెరికాలో ఉన్న తమ్ముడు, “అన్నా, ఇక్కడ కార్ల శాటిలైట్ రేడియో మస్తుంటది, ఒక సెట్ పంపుతా” అన్నాడు. కనుక్కుంటే, ఆ రేడియో నడిపే సిరియస్ ఎక్స్ఎం కంపెనీ ఉపగ్రహాలు ఉత్తర అమెరికాకే ప్రసారం చేస్తాయి. ఆ సెట్ ఇక్కడ పనికిరాదు. మన దగ్గర ఒకప్పుడు వరల్డ్‌స్పేస్ అనే శాటిలైట్ రేడియో ఉండేది. 2000లో ప్రయోగించిన ఏషియాస్టార్ ఉపగ్రహం నుంచి, చందా కడితే, ‘శ్రుతి’ చానల్‌లో కర్ణాటక సంగీతం వచ్చేది. 2008లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, 2009 చివరికి ఇక్కడ ప్రసారాలు ఆగిపోయాయి. కాబట్టి ఆ పాత సెట్లు ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా కొనకండి. ఇప్పటి డీటీహెచ్ సిగ్నల్‌ను అవి అందుకోలేవు.

ఇక మిగిలింది దూరదర్శన్ వాళ్ల ఉచిత డీటీహెచ్, డీడీ ఫ్రీ డిష్. నెలనెలా కట్టేదేమీ లేదు, డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే చాలు. టీవీ చానళ్లతో పాటు ఆకాశవాణి తెలుగు, వివిధ భారతి, 2016లో మొదలైన శాస్త్రీయ సంగీత చానల్ ‘రాగం’ వస్తాయి. నన్ను ఒప్పించింది ఈ రాగమే.

బిగించేటప్పుడే కొంచెం టెన్షన్ పడ్డాం. ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది, అంటే మనకు ఆగ్నేయం వైపు, బాగా ఎత్తులో. మేడ మీద ఆ దిక్కున నీళ్ల ట్యాంకు అడ్డం. డిష్ పెట్టే అన్న దాన్ని గోడ చివరికి జరిపి, నట్టు వదులు చేసి వేలెడంత కదిలిస్తుంటే, నేను కింద టీవీలో సిగ్నల్ క్వాలిటీ చూపించే గీత చూస్తూ ఫోన్లో చెప్పాను. గీత ఒక్కసారిగా లేచింది. “చాలన్నా, బిగించు!”

రేడియో కోసం టీవీ వెలుగుతూ ఉండాల్సిన పని లేదు. బాక్సు వెనక ఎరుపు, తెలుపు పిన్నుల నుంచి పాత ఆంప్లిఫయర్‌కు వైరు కలిపాం. చానల్ పెట్టేటప్పుడే టీవీ కావాలి, తర్వాత ఆపేసినా పాట సాగుతుంది. మా బాక్సు ఆన్ చేయగానే చివరి చానలే వస్తుంది కాబట్టి బాపుకు ఒక్క స్విచ్ చాలు.

ఫోన్ చేత పట్టుకునేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. ఆకాశవాణి వాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఇవే చానళ్లు వస్తాయి, బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుంటే సరి. మా బాపుకు అది నచ్చలేదు, ఎవరైనా ఫోన్ చేస్తే ఆలాపన మధ్యలో ఆగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే నేను ఫ్రీ డిష్ వైపే చెబుతాను. కాకపోతే జోరువానలో సిగ్నల్ పోతుంది, అందుకే ఎఫ్‌ఎం సెట్ కిటికీ దగ్గరే ఉంచాం.