పద్యం మధ్యలో క్లిక్కు వినపడకుండా: మిర్రర్‌లెస్ కెమెరాతో నా అనుభవం

గుంటూరు, తెనాలి చుట్టుపక్కల ఎక్కడ పద్యనాటకం ఉందన్నా కెమెరా సంచి భుజాన వేసుకుని వెళ్లిపోవడం నాకు ఏళ్లనాటి అలవాటు. ఉద్యోగం కరెంటు ఆఫీసులో. ఫొటోలకు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోను. బాగా వచ్చినవి ప్రింటు వేయించి నటులకు ఇస్తాను, వాళ్లు ఇళ్లలో గోడకు పెట్టుకుంటారు. నాకు అదే సంతోషం. ఈ మధ్య లోపల అద్దం ఉండే పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా పక్కన పెట్టి, అద్దం లేని మిర్రర్‌లెస్‌కి మారాను. స్టేజి ఫొటోలు తీసేవాళ్లకు ఈ మార్పులో ఏం కలిసొస్తుందో, ఏం కొత్తగా నేర్చుకోవాలో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

ఇన్నాళ్లూ వాడింది నికాన్ డీ7200. 2015లో వచ్చిన మోడల్. గట్టి కెమెరా, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఒక్క చప్పుడు తప్ప. బటన్ నొక్కగానే లోపలి అద్దం పైకి లేవాలి, షట్టర్ తెరుచుకోవాలి, మూసుకోవాలి, అద్దం మళ్లీ కిందికి పడాలి. పెళ్లిలో బ్యాండు మోగుతుంటే ఆ చప్పుడు ఎవరికీ పట్టదు. నాటకంలో అలా కాదు. అందులో క్వయట్ మోడ్ అని ఒకటి ఉంది, దానితో చప్పుడు కాస్త మెత్తబడుతుంది గానీ పూర్తిగా పోదు.

పడకసీను, అంటే నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు సాయం అడగడానికి వచ్చే సీను, చూసినవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. పద్యం నాలుగో పాదం చివరికి వచ్చేసరికి నటుడు ఆలాపన అందుకుంటాడు. హార్మోనియం గొంతు తగ్గించి వెనకాలే నడుస్తుంది. హాలంతా ఊపిరి బిగబట్టి వింటుంది. నటుడి మెడ నరాలు తేలేది, కళ్లు సగం మూతపడేది, వేళ్లు గాలిలో ఆగిపోయేది సరిగ్గా అప్పుడే. ఫొటో అంటే అదే. అక్కడ నేను ఎప్పుడూ బటన్ నొక్కలేదు. వినడానికి వచ్చిన మనుషుల చెవుల మీద నా సరదా రుద్దడం నాకు ఇష్టం ఉండేది కాదు. చప్పట్లు మొదలయ్యాక తీసేవాణ్ని, వన్స్‌మోర్ పడితే రెండోసారి పద్యానికి సిద్ధంగా ఉండేవాణ్ని. అందుకే నా దగ్గరున్న వేల ఫొటోల్లో పద్యం ముగిసిన ముఖాలే ఎక్కువ. పద్యంలో ఉన్న ముఖాలు తక్కువ.

మిర్రర్‌లెస్ కావాలనిపించింది ఇందుకే. చివరికి తీసుకున్నది నికాన్ జెడ్5 టూ, 2025 ఏప్రిల్‌లో విడుదలైన ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్, అంటే బొమ్మను పట్టే చిప్, ఉన్న) బాడీ. ఇరవై నాలుగున్నర మెగాపిక్సెళ్లు, రెండు ఎస్‌డీ కార్డులు, చేతి వణుకును సర్దే ఏర్పాటు బాడీలోనే ఉంది. నా పాత లెన్సులు పనికొస్తాయన్న ధైర్యంతో వాటిని కొత్త బాడీకి తగిలించే ఎఫ్‌టీజెడ్ టూ అడాప్టర్ కూడా కొన్నాను.

ముందుగా లెన్సుల సంగతి, ఎందుకంటే పాత నికాన్ వాళ్లు చాలామంది అడిగేది ఇదే. పాత నికాన్ కెమెరాల్లో లెన్సు బిగించే ఎఫ్ మౌంట్ 1959 నాటిది. అందులో లెన్సు కూర్చునే చోటికీ సెన్సర్‌కీ మధ్య 46.5 మిల్లీమీటర్లు ఉంటుంది. మధ్యలో అద్దం ఆడాలి కదా, ఆ జాగా దానికోసమే. అద్దం తీసేసిన జెడ్ మౌంట్‌లో ఈ దూరం 16 మిల్లీమీటర్లే. మిగిలిన 30.5 మిల్లీమీటర్ల జాగాను అడాప్టర్ నింపుతుంది. దానిలో గాజు ఏమీ ఉండదు, కాబట్టి లెన్సు నాణ్యత తగ్గదు. నా 85 ఎంఎం ఎఫ్ 1.8 జీ లెన్సు దాని మీద హాయిగా పనిచేస్తోంది. కానీ నా దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 80-200 ఎఫ్ 2.8 డీ ఉంది. ఆ తరం లెన్సులకు సొంత మోటారు ఉండదు, బాడీలోని మోటారు స్క్రూ తిప్పితేనే ఫోకస్ కదులుతుంది. డీ7200లో ఆ మోటారు ఉంది. అడాప్టర్‌లో లేదు. అంటే ఆ లెన్సుకు ఇక చేత్తో తిప్పే ఫోకసే. పద్యం పాడే నటుడు మైకు ముందు ఒకచోటే నిలబడతాడు కాబట్టి నాకు పెద్ద ఇబ్బంది రాలేదు. ఫోకస్ కుదిరిన అంచులు రంగులో మెరిసే పీకింగ్ పెట్టుకుని, కిరీటం అంచు కాకుండా కనురెప్ప మెరిసేదాకా రింగు తిప్పుతాను. ఆటలో, పరుగులో ఉన్నవాళ్లను తీసేవాళ్లకు మాత్రం ఇది చాలదు.

ఇంకోటి, డీ7200 చిన్న సెన్సర్ కెమెరా, దానిలో 200 ఎంఎం అంటే 300 దాకా లాగినట్టు కనిపించేది. ఫుల్‌ఫ్రేమ్‌లో 200 అంటే 200 మాత్రమే. వెనక వరసల నుంచి ముఖం నిండుగా రాదు. సెన్సర్ మధ్యభాగాన్నే వాడే క్రాప్ మోడ్ పెట్టుకోవచ్చు గానీ పది మెగాపిక్సెళ్ల చిల్లరే మిగులుతుంది. నేను ముందుకు జరిగాను. చప్పుడు లేదు కాబట్టి జరగనిచ్చారు, అది తర్వాత చెబుతాను.

కెమెరా వచ్చిన వెంటనే నేరుగా నాటకానికి పట్టుకెళ్లలేదు. తెలిసిన నాటక సమాజం వాళ్ల రిహార్సల్‌కు వెళ్లాను. సైలెంట్ మోడ్ ఆన్ చేసి, షట్టర్ స్పీడ్ సెకనులో 250వ వంతు పెట్టి తీస్తే ఫొటోలో అడ్డంగా నల్లచారలు. పైనుంచి కిందికి లెక్కపెడితే ఐదు దరిదాపుల్లో ఉన్నాయి. హాల్లో పాత ట్యూబులైట్లు వెలుగుతున్నాయి. ఆ ఐదు అంకె చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. నా ఉద్యోగమే అది మరి.

మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లది. ఒక్కో సైకిల్‌లో వోల్టేజి రెండుసార్లు ఎక్కి దిగుతుంది, కాబట్టి పాత చోక్ ఉన్న ట్యూబులైటు సెకనుకు వంద సార్లు మసకబారుతుంది. కంటికి తెలియదు. సైలెంట్ మోడ్‌లో షట్టర్ పరదా కదలదు. సెన్సర్ ఒక్కో గీతను పైనుంచి కిందికి వరసగా చదువుకుంటూ పోతుంది. షట్టర్ స్పీడ్ 250వ వంతు అయినా, ఫ్రేమ్ మొత్తం చదవడానికి ఈ తరహా సెన్సర్‌కు సుమారు ఇరవయ్యో వంతు సెకను పడుతుంది. ఆలోపు ట్యూబులైటు ఐదుసార్లు మసకబారుతుంది. ఐదు చారలు. మెకానికల్ షట్టర్ పరదా అయితే పైనుంచి కిందికి దిగడానికి సుమారు 200వ వంతు సెకనే తీసుకుంటుంది. దీపం ఒక్కసారి ఎక్కి దిగేలోపే పని అయిపోతుంది. అందుకే దానిలో ఇన్ని చారలు రావు. ఒక ఫొటో వెలుగ్గా, ఒకటి మసగ్గా రావచ్చు, అంతే.

షట్టర్ స్పీడ్‌ను సరిగ్గా 100వ వంతుకు తెచ్చాను. చారలు మాయం. ప్రతి గీతకూ దీపపు ఒక పూర్తి వెలుగు అందుతుంది కాబట్టి అన్నీ సమానంగా వస్తాయి. 50వ వంతుకూ అంతే. పద్యం పాడే మనిషికి 100వ వంతు సరిపోతుంది, బాడీలోని స్టెబిలైజేషన్ నా చేతి వణుకును చూసుకుంటుంది.

స్టేజి మీద రంగులు వేసే ఎల్ఈడీ పార్ లైట్ల కథ వేరు. వాటి మసక మన 50 సైకిళ్లతో ముడిపడి ఉండదు. డిమ్ చేయడానికి లోపలి సర్క్యూటు దీపాన్ని సెకనుకు వందల సార్లో వేల సార్లో ఆర్పి వెలిగిస్తుంది. అప్పుడు చారలు సన్నగా, దగ్గర దగ్గరగా పడతాయి. లైటింగ్ చూసే కుర్రాణ్ని అడిగాను.

"తమ్ముడూ, ఒక్క నిమిషం ఆ ఎర్రలైటు డిమ్మర్ ఫుల్లో పెడతావా?"

"పెడతా అన్నా. చారలు నా లైట్ల వల్లేనా?"

ఫుల్లో పెట్టగానే ఆ చారలు పోయాయి. పూర్తి వెలుగులో ఆర్పడం ఉండదు కదా. సగానికి తగ్గించగానే మళ్లీ వచ్చాయి. కెమెరా వెనక స్క్రీన్ అతనికి చూపించాను, అతనికీ ఆసక్తి పుట్టింది. ఇప్పుడు మేమిద్దరం కలిసిన చోటల్లా ముందే మాట్లాడుకుంటాం. ముఖం మీద పడే ముందు దీపాలను ఫుల్లోనే ఉంచి, వెలుగు తగ్గించాలంటే దీపాల సంఖ్య తగ్గిస్తాడు. వెనక తెర మీది రంగులు ఎలా డిమ్ చేసినా నాకు అభ్యంతరం లేదు. మెనూలో ఫ్లికర్ రిడక్షన్ అని ఒకటి ఉంది, అది దీపం బాగా వెలిగే క్షణం చూసి షట్టర్ తెరుస్తుంది. సైలెంట్ మోడ్‌లో మాత్రం దానిమీద ఆశ పెట్టుకోకూడదు.

ఆ రిహార్సల్‌లోనే ఇంకోటి చూశాను. భీముడు గద గిర్రున తిప్పాడు. ఫొటోలో గద పిడి అరటిపండులా వంగి ఉంది. పై గీత చదివేటప్పటికి గద ఒకచోట, కింది గీత చదివేటప్పటికి ఇంకోచోట. దీనికి షట్టర్ స్పీడ్ పెంచినా మందు లేదు, చదివే వేగం సెన్సర్‌ది. కాబట్టి యుద్ధాలకు, నాట్యానికి మెకానికల్ షట్టరే. ఆ సీన్లలో ఎలాగూ తబలా, తాళాలు, ఈలలు మోగుతుంటాయి, షట్టర్ చప్పుడు ఎవరికీ వినపడదు. మోడ్ డయల్ మీద మన సెట్టింగులు దాచుకునే గుర్తులున్నాయి: యూ1లో సైలెంట్, 100వ వంతు, పద్యాలకు. యూ2లో మెకానికల్, 320వ వంతు, పోట్లాటలకు. చీకట్లో మెనూ వెతుక్కోనక్కర్లేదు, డయల్ ఒక్క మెట్టు తిప్పితే చాలు.

చప్పుడు పోయినా వెలుగు మిగులుతుంది, దాన్ని కూడా చూసుకోవాలి. వెనక స్క్రీన్‌ను లోపలికి మడిచేస్తాను, వ్యూఫైండర్ మాత్రమే వెలిగేలా పెట్టుకుంటాను. ఫోకస్ కోసం ముందువైపు వెలిగే చిన్న దీపాన్ని మెనూలో ఆపేశాను. కృష్ణుడు పద్యం పాడుతుంటే ముఖం మీద ఆ వెలుగు పడటం కన్నా అన్యాయం ఇంకోటి లేదు.

ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ గురించి మాత్రం మనసారా చెప్పాలి. పాత కెమెరాలో నల్లతెర ముందు ఒక్క స్పాట్‌లైటులో నిలబడ్డ మనిషిని తీస్తే మీటరు నల్లతెరను చూసి మోసపోయేది. ముఖం తెల్లగా కాలిపోయేది. అంచనాతో తగ్గించి, తీసి, వెనక చూసుకుని, మళ్లీ సరిచేసేలోపు పద్యం దాటిపోయేది. ఇప్పుడు మాన్యువల్ మోడ్‌లో పెట్టి డయల్ తిప్పుతుంటే ఫొటో ఎలా వస్తుందో కళ్లముందే కనిపిస్తుంది. కిరీటం మీది చమ్కీలు ఎక్కడ తెల్లబోతున్నాయో, వడ్డాణం రాళ్లు ఎక్కడ విడివిడిగా తేలుతున్నాయో నొక్కకముందే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: చీకటి హాల్లో వ్యూఫైండర్ వెలుగు కంటికి ఎక్కువగా అనిపించి ఫొటో సరిపోయిందనుకుంటాం. దాని బ్రైట్‌నెస్‌ను ఆటోలోంచి తీసి కాస్త తగ్గించి స్థిరపరిచాను. పక్కన వెలుగునీడల లెక్క చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు ఉంచుకుంటాను. నీలం, వంకాయరంగు ఎల్ఈడీల కింద ముఖం ఫొటోలో గీతలన్నీ పోయి మైనపు ముద్దలా మారుతుంది, ఒక్క రంగు ఛానల్ ముందే నిండిపోవడం దానికి కారణం. అక్కడ ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించి రా ఫైలు (సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచేది) లోనే తీయాలి, ఇంటికి వచ్చాక సర్దుకోవచ్చు.

కంటిని గుర్తుపట్టే ఫోకస్ కృష్ణుడికి, రుక్మిణికి అద్భుతంగా ఉంది. 85 లెన్సు రంధ్రం బాగా తెరిచి ఎఫ్ 2లో పెట్టినా కనురెప్పల కాటుక గీత కూడా తేటగా వస్తోంది. ఘటోత్కచుడి వేషం వేసినాయనకు మాత్రం కనుబొమలు నుదుటిదాకా గీసి, మీసం చెంపలదాకా దిద్దితే కెమెరా కాసేపు వెతుక్కుంది. అప్పుడు మనం చూపిన ఒక్కచోటే ఫోకస్ చేసే సింగిల్ పాయింటుకు మారడమే మంచిది. ఇద్దరు ముగ్గురు వరసగా నిలబడ్డప్పుడు నాకు కావలసిన మనిషిని జాయ్‌స్టిక్‌తో ఎంచుకుంటాను.

బ్యాటరీ మునుపటంత రాదు. డీ7200 ఒక్క ఛార్జింగుకు వెయ్యి దాటి తీసేది. ఇది ఎప్పుడూ తెర వెలిగించుకునే ఉంటుంది కాబట్టి రాత్రి నాటకాలకు జేబులో ఇంకో బ్యాటరీ తప్పనిసరి.

చప్పుడు పోవడంతో నాకు నిజంగా కలిసొచ్చింది కూర్చునే చోటు. ఇదివరకు నాటక పరిషత్తుల నిర్వాహకులు ఫొటోలవాళ్లను వెనక్కో, పక్క గోడ దగ్గరికో పంపేవారు. న్యాయమే. కెమెరా మార్చిన తర్వాత ఒక రాత్రి సీను మారేటప్పుడు హార్మోనియం మాస్టారు నన్ను పిలిచారు.

"ఏవయ్యా, ఇందాకట్నుంచీ తీస్తూనే ఉన్నావా?"

"తీస్తూనే ఉన్నాను మాస్టారూ."

"మరి నాకు వినపడలేదేం? ఇటు వచ్చి నా పక్కన కూర్చో. రాగం ఎక్కడ ఎత్తుకుంటాడో నా వేళ్లు చూస్తే నీకే తెలుస్తుంది."

ఆయన చెప్పింది నిజం. హార్మోనియానికి గాలి కొట్టే బెల్లోస్ మీది ఎడమచెయ్యి నెమ్మదించిందంటే ఆలాపన వస్తోందని అర్థం. ఆయన వేళ్లు ఒక కంట, వ్యూఫైండర్ ఒక కంట చూస్తూ తీసిన ఫొటోలు నా దగ్గర ఇంతకుముందు లేనివి. సుశీలమ్మ లాంటి కంఠం ఉన్న రుక్మిణి వేషధారి పాదం చివర ఊపిరి పీల్చుకునే క్షణం, అర్జునుడు కళ్లు మూసుకుని రాగంలో ఉన్న క్షణం. ప్రింటు చూపిస్తే అర్జునుడి వేషం కట్టిన పెద్దాయన, "పాడేటప్పుడు నేను ఇలా ఉంటానా నాయనా" అని చాలాసేపు చేతిలోనే ఉంచుకున్నారు. నలభై ఏళ్లుగా ఆ పద్యాలు పాడుతున్న మనిషి.

స్టేజి ఫొటోల కోసం కెమెరా కొనాలనుకునేవాళ్లు షాపులో ఈ పని చేయండి. సైలెంట్ మోడ్ పెట్టించి, షాపులోని దీపాల కిందే 250వ వంతులో ఒకటి, 100వ వంతులో ఒకటి తీయండి. మీ స్నేహితుణ్ని చెయ్యి వేగంగా ఊపమని ఇంకోటి తీయండి. చారలెన్ని పడ్డాయో, చెయ్యి ఎంత వంగిందో చూస్తే ఆ సెన్సర్ చదివే వేగం అక్కడే తెలిసిపోతుంది. పాత లెన్సులుంటే అవీ వెంట తీసుకెళ్లి, అడాప్టర్ మీద పెట్టి ఫోకస్ అవుతుందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.