నాయన పిస్టల్ నా పేరుకు మారిన వైనం

మా నాయన వాడిన వాల్థర్ జీఎస్‌పీ పిస్టల్ నిన్నటి నుంచి చట్టప్రకారం నాది. కోపం చల్లారకముందే ఇది రాసిపెడుతున్నాను, ఎందుకంటే నెల గడిస్తే అందరినీ క్షమించిన గొంతుతో రాస్తాను. అలా రాసింది ఎవరికీ పనికిరాదు.

నాయన చిత్తూరులో వ్యాయామ అధ్యాపకులుగా పనిచేశారు. 1978లో మద్రాసులో స్థిరపడిన ఒక మాజీ సైనికాధికారి దగ్గర, లైసెన్స్ మీద, ఈ పిస్టల్ కొన్నారు. జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో వాల్థర్ సంస్థ 25 మీటర్ల పోటీల కోసం 1968లో మొదలుపెట్టిన రకమిది. మ్యాగజైన్ పిడిలో కాకుండా ట్రిగ్గర్‌కు ముందు ఉంటుంది, అందులో ఐదు తూటాలు పడతాయి, బరువు కిలోకు పైమాటే. చూపుకు పిస్టల్ కన్నా వడ్రంగి చిత్రికకు దగ్గరి చుట్టంలా ఉంటుంది. దాని అక్రోటు కర్ర పిడిని నాయన గరుకు కాగితంతో అరగదీసి, చాలనిచోట చెక్క లప్పం పెట్టి, తన అరచేతికి సరిపోయేలా మలచుకున్నారు. ఆ పిడిని ఇంకెవరు పట్టుకున్నా బొటనవేలి దగ్గర ఒత్తుకుంటుంది.

ప్రామాణిక పిస్టల్ పోటీలో అరవై గుళ్లు ఉంటాయి. మొదటి ఇరవైలో ప్రతి ఐదింటికీ 150 సెకన్లు, తర్వాతి ఇరవైలో 20 సెకన్లు, చివరి ఇరవైలో 10 సెకన్లు మాత్రమే ఇస్తారు. నాయన సాయంత్రాలు వరండాలో ఖాళీ పిస్టల్‌తో, సున్నం గోడ మీద దిద్దిన నల్లచుక్కకు గురిపెట్టి సాధన చేసేవారు. అమ్మ గడియారం చూస్తూ స్టీలు గ్లాసు మీద గరిటెతో కొట్టేది. మొదటి దెబ్బకు చెయ్యి లేవాలి, రెండో దెబ్బకు దిగాలి. పది సెకన్ల వంతు వచ్చినప్పుడు అమ్మ కావాలనే తొమ్మిదికే కొట్టేదని మా అక్క ఇప్పటికీ అంటుంది. "ట్రిగ్గర్ ఎప్పుడు తెగిందో నీకే తెలియకూడదురా" అని నాయన నాకు చెప్పేవారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఈ రకం పిస్టల్ మరొకటి ఉందని నేను ఇంతవరకు వినలేదు, వింటే నమ్మను కూడా.

నాయన పోయాక చేయవలసిన మొదటి పని ఆయుధాన్ని డిపాజిట్ చేయడం. లైసెన్స్‌దారు మరణించాక అది ఇంట్లో ఉండడమే నేరం. ఆయుధ చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం లేకుండా పోలీసు ఠాణాలోనైనా, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరైనా అప్పగించాలి. నేను డీలర్ దగ్గర పెట్టాను. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అమ్మ, అక్క, తమ్ముడు తమకు అభ్యంతరం లేదని ఇచ్చిన అఫిడవిట్లు, ఆయుధ భద్రత శిక్షణ ధ్రువపత్రం, పోలీసు విచారణ ఇవన్నీ సజావుగా జరిగిపోయాయి. 2016 ఆయుధ నియమాల్లో 25వ నియమం వారసులకు లైసెన్స్ ఇవ్వడానికి వీలు కల్పిస్తుంది కనుక, ఇక సంతకమే మిగిలిందనుకున్నాను.

అసలు కథ ఆయుధ పరిశీలన నాడు మొదలైంది. ఏ కార్యాలయమో, ఏ అధికారో చెప్పను. నాయన లైసెన్స్ పుస్తకం చాలా ఏళ్ల కిందట నిండిపోతే కొత్తది ఇచ్చారు. ఆ కొత్త పుస్తకంలో ఎవరో రాతగాడు తయారీదారు పేరూ సీరియల్ నంబరూ సరిగ్గానే ఎక్కించి, బోరు, అంటే తూటా కొలత దగ్గర మాత్రం .22కు బదులు .32 అని రాశాడు. తర్వాత రెన్యువల్ చేసిన ప్రతివారూ దాని మీదే ముద్ర కొట్టుకుంటూ పోయారు. అధికారి పిస్టల్‌ను తిప్పి చూశారు, పుస్తకం చూశారు, తన ఫోన్‌లో ఏదో వెతికారు. వెతికి, జీఎస్‌పీకి బ్యారెల్ భాగం మార్చి .32 తూటాలు కాల్చే వీలుందని కనుక్కున్నారు. అది నిజమే; సెంటర్‌ఫైర్, అంటే పిన్ను మధ్యలో కొడితే పేలే తూటాల పోటీల కోసం జీఎస్‌పీ-సి అనే రకాన్ని ఆ సంస్థే చేసింది. నిజం కావడమే నా ఖర్మ.

"అయితే ఆ రెండో బ్యారెల్ యాడ పెట్టినారు?" అని అడిగారాయన.

మా దగ్గర అలాంటిది ఎప్పుడూ లేదన్నాను. "మీ నాయన అమ్మేసినాడా, మీరు అమ్మేసినారా?" అన్నారు. గది నిండా జనం. చట్టం దృష్టిలో తుపాకీ విడిభాగం కూడా తుపాకీయే. అంటే ఆయన నన్ను దొంగ ఆయుధం దాచినవాడా అని అందరి ముందూ అడుగుతున్నారన్నమాట. బతికినన్నాళ్లూ ఎన్నికల ప్రకటన రాగానే ఎవరూ అడగకముందే పిస్టల్‌ను ఠాణాకు మోసుకుపోయి రశీదు తెచ్చుకున్న మనిషి గురించి, ఆయనను చూడనైనా చూడని వ్యక్తి అలా మాట్లాడుతుంటే నేను చేతులు కట్టుకొని నిలబడవలసి వచ్చింది. పక్కన కూర్చున్న గుమస్తా నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దుకున్నాడు. తప్పు రాసింది కార్యాలయం, సంజాయిషీ చెప్పుకోవలసింది మాత్రం పౌరుడు! ఈ న్యాయం ఏ చట్టంలో ఉందో ఎవరైనా చూపిస్తే వారి కాళ్లకు దండం పెడతాను.

ఇంటికి వచ్చి నాయన పాత పుస్తకం బయటికి తీశాను. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో మా ఇంట్లోకీ నీళ్లు వచ్చాయి. అప్పుడు తడిసిన సామాన్లలో ఆ పుస్తకమూ ఉంది. సిరాపెన్నుతో రాసిన మొదటి పేజీ మొత్తం నీలం మరకైపోయింది. ఆయుధ వివరాలు ఉండేది ఆ పేజీలోనే. చాలాసేపు దాన్ని కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను కానీ ఒక్క అంకె తేలలేదు.

అక్క పేజీలు తిప్పుతూ వెనక ఉన్న తూటాల కొనుగోలు పట్టిక దగ్గర ఆగింది. తూటాలు కొన్న ప్రతిసారీ డీలర్ తేదీ, రకం, సంఖ్య వేసి సంతకం చేసే పట్టిక అది. అవన్నీ బాల్‌పెన్ను రాతలు కావడంతో చెక్కుచెదరలేదు. పాత పుస్తకంలోనూ కొత్త పుస్తకంలోనూ కొన్నవన్నీ .22 తూటాలే, .32 ఒక్కటీ లేదు. .32 బ్యారెల్ ఉన్న మనిషి అన్నేళ్లు దాన్ని ఏం పెట్టి కాలుస్తాడు?

ఈ మాటే లిఖితపూర్వకంగా పెట్టి, నిపుణుడి చేత పరీక్ష చేయించమని కోరాను. వచ్చిన పోలీసు ఆర్మరర్, అంటే ఆయుధాలు చూసే నిపుణుడు, వయసులో పెద్దాయన. మొదట మ్యాగజైన్ తీసి, పిస్టల్‌లో తూటా కూర్చునే గది ఖాళీగా ఉందని వేలితో చూసుకొని, బ్యారెల్ మీద గుర్తుల దగ్గర వేలు ఆపి, "ఈ జింకకొమ్ము ఉల్మ్ పరీక్షా కేంద్రం ముద్ర, పక్కన హెచ్, సి అక్షరాలుండాయి చూడండి, డెబ్బై రెండులో పరీక్ష చేసినారు" అన్నారు. అక్కడి లెక్కలో ఏ అంటే సున్నా, బి అంటే ఒకటి. అలా హెచ్ ఏడు, సి రెండు అవుతాయి. పిన్ను తూటా మధ్యలో కాకుండా అంచున కొట్టే అమరిక కనుక, ఇప్పుడున్న రూపంలో ఇది .22 మాత్రమేనని రాసి సంతకం చేశారు. వెళ్తూ వెళ్తూ, మా నాయన చేతి నూనెతో నల్లబడిన పిడిని తన చేతిరుమాలుతో తుడిచి నా ముందు పెట్టారు. బోరు దిద్దుబాటు ఆ నివేదిక మీదే జరిగింది.

ఇక వెల సంగతి. 1980ల మధ్యలో మామూలు లైసెన్స్‌దారులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది కనుక, మన దేశంలో పాత విదేశీ సరుకుకు గిరాకీ ఎక్కువని అందరూ అంటారు. ఆ మాట నడుముకు పెట్టుకొనే చిన్న పిస్టళ్లకే వర్తిస్తుంది. పిస్టల్ తన దగ్గర ఉన్నన్నాళ్లూ డీలర్ నాతో, "సామీ, ఇది జేబులో పట్టదు, నడుముకు నిలవదు. పోటీలకు పోయే పిల్లోళ్లు కొత్తది తెప్పించుకుంటారు. దీన్ని ఎవురు కొంటారు?" అనేవాడు. 2019 సవరణతో ఒకరికి రెండు ఆయుధాలకు మించి ఉండకూడదని వచ్చింది కనుక కొనేవారు ఇంకా తగ్గారని కూడా కలిపేవాడు. రెండు మాటలూ అబద్ధం కాదు. అయితే అసలు పెట్టె, పనిముట్లు, సీరియల్ నంబరుతో ఉన్న కార్ఖానాలో పరీక్షగా కాల్చి చూసిన లక్ష్యపు కాగితం, ఇవన్నీ ఉంటే ధర మారుతుందనే సంగతి మాత్రం ఆయన నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. పైగా పెట్టె తన దగ్గరే ఉంచమన్నాడు, నేను ఉంచలేదు. డిపాజిట్ చేసేవారు రశీదులో మ్యాగజైన్లు, పిడి, పనిముట్లు ఒక్కొక్కటీ రాయించుకోండి. పుస్తకం మారినప్పుడు నంబరు ఒక్కటే కాదు, బోరు కూడా అక్కడే నిలబడి చదవండి. తూటాల పట్టిక ప్రతి పేజీకీ ఫోటో తీసి పెట్టుకోండి.

నిన్న లైసెన్స్ చేతికి వచ్చిందని తెలిసి డీలర్ ఫోన్ చేసి, మొదట చెప్పిన ధరకు రెట్టింపు ఇస్తానన్నాడు. అమ్మేది లేదని చెప్పి, నేను కట్టిన డిపాజిట్ రుసుముకు రశీదు అడిగాను. రేపు పంపిస్తానన్నాడు.