ఆరు చుట్ల నుంచి పన్నెండు చుట్లకు: టెస్లా కాయిల్ ప్రైమరీ కరెంటుకు కళ్ళెం

పోయిన నెల హనుమకొండలో మా మేడ మీది గదిలో నా సాలిడ్ స్టేట్ టెస్లా కాయిల్ (అధిక వోల్టేజీతో గాలిలోకి స్పార్కులు వదిలే పరికరం) రెండు మాస్‌ఫెట్లను, అంటే కరెంటును వేగంగా వేసి ఆర్పే ట్రాన్సిస్టర్లను, ఒక్క దెబ్బకు పోగొట్టుకుంది. టప్‌మని చప్పుడు వినబడి చూసేసరికి ఒక ఐఆర్ఎఫ్‌పీ460 మాస్‌ఫెట్ నల్లటి పెంకు నిలువునా చీలి ఉంది. ఆ తరువాతే, మెయిన్స్ వరుసలో పెట్టిన 100 వాట్ల బల్బు నిండుగా వెలిగింది. అప్పటిదాకా ఆ బల్బు మసకగానైనా వెలగలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాను. అది కాపలా కాస్తున్నది మా ఇంటి వైరింగుకే, మాస్‌ఫెట్లకు కాదని ఆ రోజు తెలిసింది.

లెక్క వేస్తే విషయం తేటగా కనిపిస్తుంది. 230 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే 325 వోల్టుల డీసీ వస్తుంది. దాని మీద నేను పెట్టింది 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్. నిండినప్పుడు అందులో దాదాపు 25 జౌళ్ల శక్తి ఉంటుంది. బల్బు, ఫ్యూజు రెండూ ఆ కెపాసిటర్‌కు ముందున్నాయి. ప్రైమరీ, అంటే మాస్‌ఫెట్లు నడిపే చిన్న చుట్ట, గుంజే కరెంటు మాత్రం కెపాసిటర్ నుంచి నేరుగా వస్తుంది. కాయిల్ సెకనుకు 20 సార్లు, ప్రతిసారీ ఒక మిల్లీసెకను మాత్రమే పనిచేస్తుంది కాబట్టి సగటు కరెంటు చాలా తక్కువ. బల్బుకు తెలిసేది సగటే. మాస్‌ఫెట్ చచ్చేది ఆ ఒక్క మిల్లీసెకనులో.

కాయిల్ వివరాలు: స్పార్కులు పుట్టించే పెద్ద చుట్ట సెకండరీకి 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద 36 సెంటీమీటర్ల పొడవున 30 నంబరు వైండింగ్ వైరు, సుమారు 1,050 చుట్లు. వైరు పావు కిలో పట్టింది. అల్యూమినియం డక్టు గొట్టాన్ని వలయంగా వంచి సెకండరీ పైకొసన టాప్‌లోడ్ చేశాను. మొత్తం 200 కిలోహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ప్రైమరీ 160 మిల్లీమీటర్ల పైపు మీద 4 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరింగు వైరు, అప్పట్లో ఆరు చుట్లు. ఫీడ్‌బ్యాక్ (సెకండరీ కరెంటు లయకే మాస్‌ఫెట్లను నడపడం) కోసం సెకండరీ అడుగు కొస నుంచి ఎర్తుకు పోయే తీగను ఒక ఫెర్రైట్ రింగులోంచి దూర్చాను.

వైరు, వార్నిష్ వరంగల్ చౌరస్తా వైపు ఒక మోటారు వైండింగ్ షాపులో దొరికాయి. యాసంగి రోజులు కావడంతో అక్కడ అడుగు పెట్టే చోటు లేదు, అన్నీ పొలాల నుంచి వచ్చిన కాలిన మోటార్లే. నా సంగతి చెబితే షాపాయన ఒక స్టేటర్ చూపించాడు. మూడింట ఒక వంతు చుట్లు ఎర్రగా మెరుస్తున్నాయి, మిగతావి బొగ్గు. "ఒక ఫేజు పోతే మిగతా రెండూ మోస్తాయి సారూ. ఫ్యూజు చూసుకునేలోపు తీగ మాడిపోతుంది" అన్నాడు. నా గదిలో జరిగింది దాదాపు ఇదే.

మామూలు సాలిడ్ స్టేట్ కాయిల్‌లో ప్రైమరీకి రెజొనెంట్ కెపాసిటర్ ఉండదు. కాబట్టి కరెంటును మొదట ఆపేది ప్రైమరీ ఇండక్టెన్సే (కరెంటు మార్పును అడ్డుకునే గుణం). పాత ఆరు చుట్లకు అది 9 మైక్రోహెన్రీలకు కాస్త తక్కువ. రెండు మాస్‌ఫెట్ల హాఫ్ బ్రిడ్జి ప్రైమరీకి ఇచ్చేది అటు 162, ఇటు 162 వోల్టులు. 200 కిలోహెర్ట్జ్‌లో సగం సైకిల్ అంటే 2.5 మైక్రోసెకన్లు. ఆ కాస్త సమయంలోనే కరెంటు మైనస్ 23 నుంచి ప్లస్ 23 ఆంపియర్లకు ఎగబాకుతుంది. ఇది సెకండరీ లేకుండానే. ఐఆర్ఎఫ్‌పీ460 నిరంతర సామర్థ్యం 20 ఆంపియర్లు. డేటాషీట్‌లో పల్సుకు 80 అని ఉంటుంది, ఆ అంకెను నమ్మి ధైర్యం చేయకండి. ఆన్ నిరోధం 0.27 ఓమ్‌లు. 40 ఆంపియర్ల దగ్గర అదొక్కటే 430 వాట్ల వేడి, పైగా వేడెక్కేకొద్దీ ఆ నిరోధం ఇంకా పెరుగుతుంది.

పోయిన ఆదివారం పన్నెండు చుట్లు చుట్టాను, చుట్టుకు 5 మిల్లీమీటర్ల ఎడంతో. ఇండక్టెన్స్ 27 మైక్రోహెన్రీలు దాటింది. చుట్లు రెట్టింపైతే ఇండక్టెన్స్ నాలుగింతలు కావాలి గదా అంటారేమో, చుట్ట పొడవు కూడా పెరిగింది కాబట్టి మూడింతల దగ్గరే ఆగింది.

కొలవడానికి ఇంకో ఫెర్రైట్ రింగు మీద 50 చుట్లు చుట్టి, కొసల మధ్య 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాను. ప్రైమరీ తీగ రింగులోంచి ఒక్కసారి పోతుంది. ఆంపియర్‌కు 0.2 వోల్టు. ఆసిలోస్కోప్ గ్రౌండు క్లిప్పును 325 వోల్టుల వైపు ఎప్పుడూ తగిలించవద్దు. ఈ రింగు ఉంటే ఆ అవసరమే రాదు. డిమ్మర్‌స్టాట్ వోల్టేజీని తగ్గిస్తుందే తప్ప మెయిన్స్ నుంచి మనల్ని విడదీయదు, ఇది కూడా మరవకండి.

ముందు సెకండరీని తీసేసి, బయటి ఆసిలేటర్‌తో 200 కిలోహెర్ట్జ్ ఇచ్చి, డిమ్మర్‌స్టాట్‌ను 60 వోల్టుల దగ్గర ఉంచాను. తెర మీద శుభ్రమైన త్రిభుజాలు కనిపించాయి. ఆరు చుట్లకు శిఖరం 6 ఆంపియర్లు, పన్నెండుకు 2. పూర్తి వోల్టేజీకి పెంచి లెక్కిస్తే 23, ఏడున్నర. కాగితం మీది లెక్క తెర మీద నిలిచినప్పుడు కలిగే సంతోషం వేరు.

సెకండరీ పెట్టి పూర్తి వోల్టేజీ ఇచ్చాక బొమ్మ మారింది. మొదటి పది సైకిళ్లలో కరెంటు మెట్లెక్కినట్టు పెరిగి 13 ఆంపియర్లను తాకింది. టాప్‌లోడ్ మీది మొన నుంచి స్పార్క్ బయలుదేరగానే 9 దగ్గరికి దిగింది. నేను ఊహించింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. స్పార్క్ వస్తేనే భారం పెరుగుతుందనుకున్నాను. అనుమానం తీరడానికి టాప్‌లోడ్ మీది మొనను తీసేసి చూశాను. శక్తికి బయటికి పోయే దారి లేక సెకండరీ ఊపు పెరుగుతూ పోయింది, ప్రైమరీ కరెంటు కూడా దానితోపాటు 15 దాటింది. సెకండరీ కరెంటుతో ఫీడ్‌బ్యాక్ ఇచ్చేవారు మొన లేకుండా కాయిల్‌ను నడపవద్దని చెప్పడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆ పరీక్షలో మాస్‌ఫెట్లు బతికి బయటపడ్డాయంటే అంతకుముందు రోజు కట్టిన రక్షణ సర్క్యూట్ వల్లే. రింగు నుంచి వచ్చే వోల్టేజీని డయోడ్లతో సరిచేసి, రెండు వోల్టేజీలను పోల్చే ఎల్ఎం311 కంపారేటర్‌కు ఇచ్చాను. 3 వోల్టులు, అంటే 15 ఆంపియర్లు దాటగానే అది స్థితిని గుర్తుపెట్టుకునే 74హెచ్‌సీ74 ఫ్లిప్‌ఫ్లాప్‌ను తిప్పుతుంది. ఫ్లిప్‌ఫ్లాప్, మాస్‌ఫెట్లను నడిపే యూసీసీ37321, 37322 గేట్ డ్రైవర్ల ఎనేబుల్‌ను కిందికి లాగుతుంది. కాయిల్‌ను సెకనుకు 20 సార్లు వేసి ఆర్పే ఇంటరప్టర్ నుంచి తరువాతి పల్సు వచ్చేదాకా బ్రిడ్జి మూగగా ఉంటుంది. మొదట్లో స్పార్క్ గోలకే ఊరికే తెగిపోయేది. కంపారేటర్ ముందు 100 ఓమ్‌లు, ఒక నానోఫారడ్ పెట్టాక కుదుటపడింది.

ఒక జాగ్రత్త: ఇదంతా స్పందించడానికి అర మైక్రోసెకను దాకా పడుతుంది. పన్నెండు చుట్ల ప్రైమరీలో కరెంటు మైక్రోసెకనుకు 6 ఆంపియర్ల చొప్పున పెరగగలదు. కాబట్టి 15 దగ్గర పెట్టిన హద్దు నిజానికి 18 దగ్గర ఆగుతుంది. మాస్‌ఫెట్ ఓర్చుకోగలిగినంత అంకెనే హద్దుగా పెడితే ఆలస్యమైపోతుంది.

స్పార్క్ పొడవు ఇప్పుడు 17 సెంటీమీటర్లు. పేలిపోయే ముందు ఆరు చుట్లతో 24 వచ్చింది. ఆ ఏడు సెంటీమీటర్ల కోసం మళ్లీ చుట్లు తగ్గించను. 325 వోల్టుల బస్ కెపాసిటర్‌లోని ఛార్జి ఇంకిపోవడానికి దానికి అడ్డంగా 47 కిలోఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్ బిగించాను. అయినా ముట్టుకునే ముందు రెండు నిమిషాలు ఆగి మీటరుతో చూస్తున్నాను. వచ్చే ఆదివారం పది చుట్ల దగ్గర ఒక కొస తీసి, అదే హద్దుతో మళ్లీ కొలవాలి.