కొబ్బరి మట్ట మీద గూడు నిలవదు

గడ్డిని మిడత, మిడతను కప్ప, కప్పను పాము అంటూ బాణం గుర్తులు వేసిన బొమ్మ స్కూల్లో అందరం గీసిందే. పరిశోధకులు చేసేదీ ఇంచుమించు అదే, కాకపోతే ఒక చోట ఉన్న జీవులన్నిటి పేర్లూ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రాసుకుని, ఇది దాన్ని తింటే 1, తినకపోతే 0 అని నింపుకుంటూ పోతారు. దీనికి చిన్న దీవులంటే వాళ్లకి మహా ఇష్టం, ఎందుకంటే దీవికి ఒక అంచంటూ ఉంటుంది, ఉన్నవాటిని లెక్కపెట్టడం ఎక్కడో ఒక చోట ముగుస్తుంది. కానీ పాల్మైరా అనే దీవుల గురించి చదివే కొద్దీ నాకు ఈ 1, 0 పట్టికల మీద అనుమానం పెరిగింది. అక్కడ అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చిన సంబంధం తిండికి సంబంధించిందే కాదు మరి.

పాల్మైరా పసిఫిక్ మధ్యలో, హవాయికి దక్షిణంగా దాదాపు 1,600 కిలోమీటర్ల దూరంలో ఉంది. అమెరికా అధీనంలో ఉన్న పగడపు దీవుల గుంపు. నేలంతా కలిపినా మూడు చదరపు కిలోమీటర్లు ఉండదు, అదీ చిన్న చిన్న ముక్కలుగా చెదిరి ఉంటుంది. అన్నిటి మీదా పడేది ఒకే వాన, కానీ కొన్ని చోట్ల పిసోనియా లాంటి స్థానిక చెట్ల అడవి, మరికొన్ని చోట్ల ఒకప్పుడు ఎండు కొబ్బరి వ్యాపారం కోసం నాటి వదిలేస్తే తనంతట తాను విస్తరించిన కొబ్బరి. పక్కపక్కనే పెట్టి పోల్చడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

హిల్లరీ యంగ్, ఆమె సహచరులు 2010లో ప్రచురించిన పని ఈ పోలిక మీదే నడిచింది. ఎర్రకాళ్ల బూబీ లాంటి సముద్ర పక్షులు గూడు పెట్టాలన్నా, రాత్రి వాలాలన్నా కొమ్మలున్న చెట్టు చూసుకుంటాయి. కొబ్బరికి కొమ్మలెక్కడివి? ఉన్నవి మట్టలు, గాలికి ఊగుతాయి, ఎండితే ఊడి కింద పడతాయి. తోటల పక్కన పెరిగిన ఎవరికైనా ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పక్షి వాలకపోతే రెట్ట పడదు. రెట్ట పడకపోతే మట్టిలో నైట్రోజన్ లాంటి పోషకాలు తగ్గుతాయి, ఆకులో సారం తగ్గుతుంది, చివరికి ఆ ఆకును పురుగులు కొరికి తినడం కూడా తగ్గింది. పట్టికలో కొబ్బరికీ బూబీకీ మధ్య ఉండేది 0, ఎందుకంటే ఏదీ దేన్నీ తినదు. మొత్తం కథ మాత్రం ఆ సున్నా దగ్గరే మొదలైంది.

ఆకులోని నైట్రోజన్ పక్షుల ద్వారా సముద్రం నుంచే వచ్చిందని ఎలా తెలిసిందని నాకు మొదట పెద్ద డౌటు. నైట్రోజన్‌లో కాస్త బరువైన రకం ఒకటుంది, నైట్రోజన్-15. తిండి గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కే కొద్దీ ఒంట్లో దాని వాటా కొద్దిగా పెరుగుతుంది. చిన్న చేపను పెద్ద చేప, దాన్ని పక్షి తినేసరికి రెట్టలో ఆ వాటా బాగా ఎక్కువ, అదే మట్టిలోకీ ఆకులోకీ పాకుతుంది. ఎండబెట్టి పొడి చేసిన చిటికెడు ఆకును మెషీన్‌లో పెడితే చాలు, పైన పక్షులు వాలేవో లేదో అంచనా కట్టొచ్చు.

2012లో డగ్లస్ మెకాలీ బృందం ఇంకాస్త ముందుకెళ్లి, ఆ రెట్ట సారం వానకి కొట్టుకుపోయి తీరంలోని నీళ్లలో కలవడం, అక్కడ నీళ్లలో తేలే చిన్న జీవులు, అంటే ప్లాంక్టన్‌కి అందడం, స్థానిక అడవి ఉన్న తీరాల దగ్గర ఆ ప్లాంక్టన్ తినే మాంటా రే చేపలు ఎక్కువగా తిరగడం దాకా లాక్కొచ్చారు. చెట్టు మారితే సముద్రంలో చేప దారి మార్చుకుంటుందన్నమాట! ఇంత పొడవు గొలుసు కాబట్టి నేను ఒకటికి రెండుసార్లు చదివాను, నత్రజని లెక్క నిలబడకపోతే నమ్మేవాణ్ణి కాదు.

ఎలుకలది ఇంకో కథ. 2011లో హెలికాప్టర్లతో విషపు ఎర చల్లి దీవుల్లో ఎలుకలన్నిటినీ తుడిచిపెట్టారు. ఆ ఎరను ఎలుకలకంటే ముందు నేల పీతలే లాగించేస్తాయని మోతాదు బాగా పెంచాల్సి వచ్చిందట. ఎలుకలు పోయాక స్థానిక చెట్ల మొలకలు విపరీతంగా వచ్చాయి, ఇది అందరూ ఊహించిందే. ఎవరూ ఊహించనిది దోమ. మనకి డెంగీ అంటించే పులిదోమ అక్కడ కనబడకుండా పోయింది, 2018లో కెవిన్ లాఫర్టీ వాళ్లు దీని మీద రాశారు. అది ఎక్కువగా ఎలుకల రక్తం మీదే బతికి ఉంటుందని, పరిశోధకులు అక్కడ మకాం ఉంటూనే ఉన్నా ఆ కొద్దిమంది రక్తంతో దోమ వంశం నిలవలేదని వాళ్ల ఊహ. పక్షుల మీద బతికే క్యూలెక్స్ దోమ మాత్రం నిక్షేపంగా ఉంది. ఇక్కడ పట్టిక పనికొచ్చిందని ఒప్పుకోవాలి, ఎవరు ఎవరి రక్తం తాగుతారన్న లెక్క వేసుకున్నారు కాబట్టే ఈ కారణం తట్టింది.

అసలు ఆ 1లు ఎలా నింపుతారన్నది ఇంకా తమాషా. మన బాత్రూం గోడల మీద అరచేతంత సాలీడు ఒకటి కనిపిస్తుందే, గూడు అల్లకుండా వేటాడేది, అదే జాతి పాల్మైరాలోనూ ఉంది. అది ఏం తిందో తెలియాలంటే దాన్ని కోసి, లోపల మిగిలిన తిండి డీఎన్ఏ చదువుతారు. ఒంటికి బయట అంటుకున్న డీఎన్ఏ కలిసి లెక్క తప్పుతుందేమోనని ముందు కడిగి కూడా చూశారు. ఒకటి మాత్రం ఈ పద్ధతికి చిక్కదు. సాలీడు తన జాతి సాలీడునే తింటే రెండిటి డీఎన్ఏ ఒకటే, ఎవరిది ఎవరిదో తేలదు. అలాంటి గడిలో 0 కనిపిస్తే తినలేదని కాదు, మనకి కనబడలేదని.

ఎలుకలు పోయాక కొబ్బరి మొలకలూ పెరిగాయి, ఎలుకలు వాటినీ కొరికేవి కదా. అందుకే ఇప్పుడు కొబ్బరిని పనిగట్టుకుని తీసేస్తున్నారు. కోనసీమ మిత్రులు నా మీద పడకండి, మన తోటకి ఎరువు వేసేది రైతు, బూబీ కాదు. ఈసారి ఈ దీవుల డేటా ఎవరైనా బయట పెడితే నేను ముందు వెతికేది ఎవరు ఎవర్ని తిన్నారన్న పట్టిక కాదు, ఏ పక్షి ఏ చెట్టు మీద వాలిందన్న ఫైలు.