మా యెజ్డీకి 12 వోల్టులు ఎక్కించిన కథ

నిన్న సాయంత్రం విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి ఇంటిదాకా హెడ్‌లైటు వేసుకుని వచ్చాను. ఇందులో గొప్పేముంది అంటారేమో. బండి 1979 మోడల్ యెజ్డీ మోటారుసైకిలు. దాని లైటు వెలుగులో రోడ్డు కనబడటం నా నలభై రెండేళ్ల జీవితంలో ఇదే మొదటిసారి. చిన్నప్పుడు నాన్న వెనక కూర్చుని రాత్రిపూట కంకిపాడు నుంచి వస్తుంటే, ఆ లైటు మేం వస్తున్నామని ఎదుటివాడికి తెలియడానికి పనికొచ్చేదంతే. మాకు గుంత కనబడేది కాదు, పడ్డాక తెలిసేది.

తప్పు బండిది కాదు. మైసూరులో ఐడియల్ జావా వాళ్లు ఈ బండికి పెట్టింది 6 వోల్టుల, 45 వాట్ల డైనమో, అంటే ఇంజనుతో పాటు తిరిగి కరెంటు పుట్టించేది. ఆ 45లోనే ఇగ్నిషన్ కాయిల్, హెడ్‌లైటు, వెనక లైటు అన్నీ సర్దుకోవాలి. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. నాన్నకి రిటైర్మెంట్ దగ్గరపడ్డాక బండి షెడ్డులోకి వెళ్లింది. బ్యాటరీ ఎవరు తీశారో, ఎక్కడ పోయిందో కూడా ఎవరికీ గుర్తులేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా కొంప ముంచింది ఇదే.

ఇప్పుడే ఎందుకు ఈ పని పెట్టుకున్నానంటే, ఆర్సీ రెన్యువల్. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి చేయించుకోవాలి కదా, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ లైటు, హారన్ చూస్తాడు. ఆర్టీవో ఆఫీసు బయట చెట్టు కింద స్టూలు వేసుకుని కూర్చునే ఒకాయన "లైటు వెలగకపోయినా నేను చూసుకుంటాలే సార్" అని రేటు కూడా చెప్పాడు. ఆ రేటు విన్నాక నాకు పౌరుషం వచ్చింది. అందులో సగం డబ్బుతో లైటే వెలిగిస్తానన్నాను. (చివరికి అయిన ఖర్చు సగం కాదు, రెట్టింపు. ఆయనకి చెప్పకండి.) ఇంతా చేసి మా బండి ప్రభుత్వం లెక్కలో వింటేజ్ కూడా కాదు. దానికి 50 ఏళ్లు నిండాలి.

లైటు సరిగ్గా వెలగాలంటే 6 నుంచి 12 వోల్టులకి మార్చాలనుకున్నాను. దానికి రెడీమేడ్ కిట్లు దొరుకుతాయి. డైనమో పీకేసి ఆల్టర్నేటర్ బిగించేస్తారు. నాకది నచ్చలేదు. బయట బండి పాతదే ఉండాలి, లోపల కూడా పాతదే ఉండాలి, మధ్యలో నా చెయ్యి ఉండాలి. ఈసీఈ చదివి ఇరవై ఏళ్లుగా ఎక్సెల్ షీట్లు దిద్దుకుంటున్నవాడికి ఆమాత్రం ఆశ ఉండదా?

అసలు కిటుకు ఏమిటంటే, డైనమోకి 6 వోల్టులు అన్నది రాసిపెట్టి ఉండదు. ఆర్మేచర్ (లోపల తిరిగే చుట్ట) ఎంత వేగంగా తిరుగుతోంది, ఫీల్డ్ కాయిల్‌లో (దాని చుట్టూ అయస్కాంతంలా పనిచేసే చుట్టలో) ఎంత కరెంటు పోతోంది, ఈ రెండిటిని బట్టి వోల్టులు వస్తాయి. 6 దగ్గర ఆపేది పాత రెగ్యులేటరే. దాన్ని పక్కనపెట్టి 14 దగ్గర ఆపే రెగ్యులేటర్ కడితే అదే డైనమో 12 వోల్టుల బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. కాకపోతే ఛార్జింగ్ మొదలవడానికి ఇంజను ఇంకాస్త రేజ్ అవ్వాలి. వైండింగ్ తీగ మందం మారదు కాబట్టి ఆంపియర్లు మాత్రం పెంచకూడదు. నేను 5 దగ్గర కట్టేశాను. 14 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లంటే 70 వాట్లు. ఎల్‌ఈడీ హెడ్‌లైటుకి 20 వాట్లు చాలు. లెక్క ఎంత ముద్దుగా ఉందో చూడండి.

బోర్డు మీద పెద్దగా ఏమీ లేదు. వోల్టేజీ చూసుకోవడానికి రెండు చిప్పులు: కొలతకి మారని వోల్టేజీ (రిఫరెన్సు) ఇచ్చే టీఎల్431, దానితో పోల్చి చూసే (కంపేరిటర్) ఎల్‌ఎం393. ఫీల్డ్ కరెంటుని ఆన్-ఆఫ్ చేయడానికి ఒక మాస్‌ఫెట్. అది ఆఫ్ అయినప్పుడు కాయిల్ కొట్టే ఎదురుదెబ్బని మింగడానికి ఫీల్డ్‌కి అడ్డంగా ఒక డయోడ్ (కరెంటుని ఒకే దిక్కులో పోనిచ్చేది). పాత కటౌట్ స్థానంలో, బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా ఒక లావుపాటి షాట్కీ డయోడ్. సామాన్లన్నీ హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను.

బ్యాటరీ, ఇగ్నిషన్ కాయిల్, బల్బులు, హారన్, ఫ్లాషర్ మార్చడం ఒక ఆదివారం పని. వైరింగ్ ఇంకో ఆదివారం. వీటి గురించి చెప్పడానికేం లేదు.

బోర్డు బిగించే ముందు డైనమోలో ప్రాణం ఉందో లేదో చూద్దామని దాని వైర్లు ఊడదీసి, మల్టీమీటర్ పెట్టి, కిక్కు కొట్టాను. పాత ఇనుములో కాస్తంత అయస్కాంతం మిగిలి ఉంటుంది, దానివల్ల కొద్దిగా వోల్టేజీ రావాలి. వచ్చింది. మీటరులో 0.4, దాని ముందు చిన్న గీత. ప్రోబులు అటూ ఇటూ పట్టుకున్నాను కాబోలు అనుకుని మార్చి పట్టుకున్నాను. గీత పోయింది. పుస్తకంలో "0.4 ఓకే" అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. "ఓకే" కింద రెండు గీతలు కూడా గీశాను.

మొదటి బోర్డు బిగించి స్టార్ట్ చేశాను. ఇంజను ఒక్క కిక్కుకే అందుకుంది. ఎర్ర ఛార్జింగ్ లైటు వెలిగింది. రేజ్ చేస్తే అది ఆరిపోవాలి. ఆరలేదు. నా కళ్లకి కాస్త ఎక్కువగా వెలిగినట్టనిపించింది. ఇంకా రేజ్ చేశాను. బోర్డు దగ్గర సన్నగా పొగ, కాలిన వాసన. మరుక్షణం ఆ ఎర్ర లైటు తెల్లగా వెలిగి ఫట్‌మంది. ఫీల్డ్‌కి అడ్డంగా పెట్టిన డయోడ్ నల్లగా మాడిపోయింది.

డయోడ్ చిన్నదయ్యిందేమో అనుకుని 3 ఆంపియర్లది వేశాను. ఈసారి డయోడ్ బతికింది, మాస్‌ఫెట్ పోయింది. మూడో బోర్డుకి ఇంకా పెద్ద డయోడ్, ఇంకా పెద్ద మాస్‌ఫెట్, హీట్‌సింక్, వోల్టేజీ ఒక్కసారిగా ఎగిస్తే అణచడానికి టీవీఎస్ అనే రకం డయోడ్ ఒకటి, అదిరిపోకుండా బోర్డంతా అరల్‌డైట్. తడి తగలకుండా సోల్డర్ మీద మా ఆవిడ నెయిల్ పాలిష్ కూడా పూశాను. అది ఎర్ర రంగుది, పెళ్లిరోజుకి కొనుక్కున్నది, ఆ గొడవ వేరే. మూడోది పోతూ పోతూ వైరు కూడా కాల్చేసింది.

నన్ను పిచ్చెక్కించింది ఏమిటంటే, ప్రతి బోర్డూ బల్ల మీద బంగారంలా పనిచేసింది. పవర్ సప్లై పెట్టి, పాత ఫీల్డ్ కాయిల్ ఒకటి తగిలించి, వోల్టేజీ పెంచితే సరిగ్గా 14.2 దగ్గర ఆఫ్, తగ్గిస్తే ఆన్. బండికి పెట్టగానే బూడిద. ఇగ్నిషన్ పాయింట్ల స్పార్కు వల్లేమో అనుకున్నాను. ఎర్త్ సరిగ్గా లేదేమోనని ఛాసిస్‌కి పెయింట్ గీకాను. చివరికి మాస్‌ఫెట్లు డూప్లికేట్ అయి ఉంటాయని తీర్మానించుకుని, కోఠిలో కొన్న షాపు ఆయనకి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాను. ఆయన మర్యాదగానే "సార్, మూడు వేరే వేరే కంపెనీలవి తీసుకెళ్లారు కదా, మూడూ డూప్లికేటేనా?" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

వారం తర్వాత బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని ఆటోనగర్ వెళ్లాను. అక్కడ పాత బండ్ల ఎలక్ట్రికల్ పని చేసే పెద్దాయన ఒకరున్నారని మా మెకానిక్ చెప్పాడు. వెళ్లేసరికి ఆయన నేల మీద గోనెసంచి పరుచుకుని ట్రాక్టరు సెల్ఫ్ మోటారు విప్పుతున్నారు. చుట్టూ నలుగురు కుర్రాళ్లు. నేను నా సర్క్యూట్ బొమ్మ తీసి, కంపేరిటర్, రిఫరెన్సు అంటూ పది నిమిషాలు చెప్పాను. ఆయన తల ఎత్తలేదు. అంతా అయ్యాక చేతులు గుడ్డకి తుడుచుకుని ఒకే ప్రశ్న అడిగారు.

"ఛాసిస్‌కి కలిపింది ప్లస్సా, మైనస్సా బాబూ?"

"మైనస్సే బాబాయ్ గారూ. ఏ బండికైనా మైనస్సే కదా."

"నీ బ్యాటరీ సంగతి కాదు. నీ డైనమోకి ఆ సంగతి తెలుసా అని."

నా మీటరే తీసుకున్నారు. నల్ల ప్రోబు ఇంజను బాడీకి, ఎర్ర ప్రోబు డైనమో వైరుకి పెట్టి, కుర్రాడిని కిక్కు కొట్టమన్నారు. మీటరు నా మొహం ముందు పెట్టారు.

"ఎంత?"

"0.4 అండి."

"ముందున్న ఆ గీతేంటి?"

నాకు నోట మాట రాలేదు. ఒక కుర్రాడు కిసుక్కున నవ్వాడు. "ఏం చదువుకున్నావు బాబూ?" అని అడిగారు ఆయన, వెటకారంగా కాదు, నిజంగానే. ఆ జవాబు చెప్పడానికి నాకెంత సిగ్గేసిందో. నా వెనక నిలబడిన ట్రాలీ ఆటో డ్రైవరు కూడా విన్నాడు.

సంగతేమిటంటే, డైనమోలో మిగిలిన ఆ కాస్త అయస్కాంతం ఏ దిక్కులో ఉంటే, డైనమో ఆ దిక్కులోనే కరెంటు పుట్టిస్తుంది. ఎప్పుడో ఎవరో బ్యాటరీని తిరగేసి తగిలించారు. దానితో డైనమో కూడా తిరగబడింది. పాత రోజుల్లో అది ఎవరికీ తెలియదు. బల్బుకి ప్లస్ మైనస్ లేదు, హారన్‌కి లేదు, పాయింట్లకి లేదు, ఇనప రేకులతో చేసిన ఆ పాత కటౌట్‌కీ లేదు. ఏళ్ల తరబడి అలాగే నడిచింది. నా బోర్డులో ఉన్నవన్నీ ఒకే దిక్కుకి పనిచేసేవి. తిరగబడిన కరెంటుకి నా మాస్‌ఫెట్ లోపలి డయోడూ, నేను అడ్డంగా పెట్టిన డయోడూ కలిసి తిన్నగా షార్టు. నేనేమో ప్రతిసారీ ఇంకా పెద్ద డయోడ్ వేసి ఇంకా మంచి షార్టు తయారుచేస్తున్నాను. ఆ ఎర్ర లైటు మొదటిరోజే ఆరకుండా ఎక్కువ వెలిగి చెప్పింది పాపం.

రిపేరు ఎంతసేపు పట్టిందంటారు? ఆయన డైనమో వైర్లు విడదీసి, ఒక పాత బ్యాటరీ నుంచి రెండు వైర్లు తెచ్చి, ఫీల్డ్ కాయిల్ కొసలకి సరైన దిక్కులో రెండు సెకన్లు తాకించారు. చిటపటమని నీలం మెరుపు. మళ్లీ కిక్కు. మీటరులో 0.5, గీత లేదు. వంద రూపాయలు ఇస్తే యాభై తిరిగిచ్చి, కుర్రాళ్లకి టీలు చెప్పమన్నారు. టీలకి ఎనభై అయ్యింది.

నాలుగో బోర్డు ఆ రాత్రే కట్టాను. కాస్త రేజ్ చేయగానే ఎర్ర లైటు ఆరిపోయింది. బ్యాటరీ దగ్గర 14.1. షెడ్డులో ఒక్కణ్ణే నిలబడి నవ్వుకున్నాను. నెల్లాళ్లయింది, హీట్‌సింక్ మీద ఎప్పుడు చెయ్యి పెట్టినా గోరువెచ్చగానే ఉంటోంది. ఇంజనీరింగ్ మర్చిపోయానని నన్ను ఎగతాళి చేసిన మా బావమరిదిని ప్రత్యేకంగా పిలిచి చూపించాను.

ఎవరైనా చేయబోతే నేను చెప్పేవి ఇవి. మొదట మీటరు పెట్టి గుర్తు చూడండి, అంకె తర్వాత. ఫీల్డ్ కాయిల్ 6 వోల్టులకి చుట్టినది కాబట్టి 12 మీద సగం సేపు కంటే ఎక్కువ ఆన్ ఉండకుండా సర్క్యూట్‌లోనే కట్టడి పెట్టండి, లేకపోతే వేడెక్కి ఇన్సులేషన్ మాడుతుంది. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఛార్జింగ్ ఉండదు. హెడ్‌లైటు డిమ్ముకి మార్చుకోండి, లేదా కాస్త రేజ్‌లో ఉంచండి. యూట్యూబ్‌లో ఐదు నిమిషాల్లో అయిపోతుందని చెప్పేవాళ్లు మూడు బోర్డులు కాలిన సంగతి ఎడిట్ చేసేసి ఉంటారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ మాత్రం లైటు వైపు ఒక్క చూపు చూసి, ఛాసిస్ నంబరు పెన్సిలు అచ్చు సరిగ్గా పడలేదని రెండుసార్లు తిప్పాడు. కోఠి షాపు ఆయనకి ఇంకా ఫోన్ చేయలేదు. చేయాలి.

బ్యాటరీ తిరగేసింది ఎవరో కూడా తెలిసింది. రాత్రి భోజనాల దగ్గర ఆటోనగర్ సంగతి చెబుతుంటే నాన్న పెరుగన్నం కలుపుతూ, "ఆ బ్యాటరీ ఓసారి నేనే మార్చాన్రా. వైర్లు రెండూ ఒకే రంగువి. హారన్ మోగింది కదా అని వదిలేశాను" అన్నారు. ఏ సంవత్సరమో ఆయనకి గుర్తులేదు.

లైటు చూసి బాగుందన్నారు. హారన్ మాత్రం నచ్చలేదు. ఇదేదో స్కూటీలా కూస్తోందట. పాత 6 వోల్టుల హారన్‌ని అటక మీంచి తనే దింపి, తుడిచి, నా బల్ల మీద పెట్టి వెళ్లారు. దానికి 12 నుంచి 6కి దించే చిన్న బోర్డు ఒకటి కట్టాలి. ఈ ఆదివారం కూర్చుంటాను.